మూడు తరాల తెలుగు ఇల్లు: నిత్యజీవితంలో, విలువల్లో మార్పు

7.0 లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
1. గత తొంభై ఏళ్లలో తెలుగు కుటుంబాల నిత్యజీవితంలో వచ్చిన ముఖ్యమైన మార్పులను వివరించగలుగుతారు.
2. ఆ మార్పులకూ విలువలలో వచ్చిన మార్పులకూ ఉన్న సంబంధాన్ని చెప్పగలుగుతారు.
3. "పాత రోజులు" అనే జ్ఞాపకాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో తెలుసుకుంటారు.
4. మీ ఇంటి పెద్దల నుంచి మౌఖిక చరిత్రను సేకరించగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

"మా రోజుల్లో ఇలా ఉండేదా?" అనే మాట వినపడని తెలుగు ఇల్లు ఉండదు. పెద్దవాళ్లు ఆ మాట అన్నప్పుడు పిల్లలు నవ్వి ఊరుకుంటారు, లేదా విసుక్కుంటారు. చరిత్ర విద్యార్థిగా మీరు చేయవలసింది ఈ రెండూ కాదు. ఆ మాటను ఒక ఆధారంగా తీసుకుని ప్రశ్నించాలి. "మా రోజులు" అంటే ఏ రోజులు? ఎవరి రోజులు? ఆ రోజుల్లో ఆ ఇంట్లో ఎవరు ఏ పని చేసేవారు? ఎవరు ముందు తినేవారు? ఎవరి మాట చెల్లేది?

రాజుల చరిత్రకు శాసనాలు, నాణేలు ఆధారాలు. ఇంటి చరిత్రకు కూడా ఆధారాలు ఉంటాయి. మూలన పడి ఉన్న తిరగలి, ఖాళీగా ఉన్న గాదె, కుంచం, పాత పోస్టుకార్డు, పెళ్లి ఫొటో, పొలం కాగితం, అన్నిటికంటే ముఖ్యంగా పెద్దల జ్ఞాపకం. వీటిని ఉపయోగించి మూడు తరాల జీవితాన్ని ఈ పాఠంలో పరిశీలిద్దాం.

ఈ పాఠం ప్రధానంగా చెప్పే విషయం ఒకటే. ఒక తరం మంచిది, మరో తరం చెడ్డది కావడం వల్ల విలువలు మారవు. మనిషి తిండికి, పనికి, రక్షణకు ఎవరి మీద ఆధారపడతాడో అది మారినప్పుడు విలువలు మారతాయి. ఆ మార్పులో కొందరు పోగొట్టుకున్నదీ మరికొందరు సంపాదించుకున్నదీ ఒకటే కావచ్చు. కాబట్టి లాభనష్టాలను లెక్కించేటప్పుడు ఎవరివైపు నిలబడి లెక్కిస్తున్నామో గమనించాలి.

7.2 మూడు తరాలు

సౌలభ్యం కోసం తరాన్ని సుమారు పాతికేళ్ల కాలంగా తీసుకుందాం. 1930 ప్రాంతంలో పుట్టినవారు మొదటి తరం. వీరు యౌవనంలోకి వచ్చేసరికి దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. 1955 ప్రాంతంలో పుట్టినవారు రెండో తరం. 1956 నవంబర్ 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్‌లో, బడులు, కాలువలు, కరెంటు పల్లెలకు వస్తున్న రోజుల్లో వీరు పెరిగారు. 1980 తరవాత పుట్టినవారు మూడో తరం. టీవీ, కంప్యూటర్, సెల్‌ఫోన్ వీరి కళ్లముందే ఇంట్లోకి వచ్చాయి.

అయితే ఒకే ఏడాది పుట్టిన వారందరూ ఒకే కాలంలో జీవించలేదని గుర్తుంచుకోవాలి. గోదావరి డెల్టాకు ధవళేశ్వరం ఆనకట్ట నీళ్లు 1850ల నుంచే అందాయి. అక్కడి రైతు ఇంట్లో 1930 నాటికే వరి అన్నం మామూలు తిండి. అదే ఏడాది నల్గొండ జిల్లాలో పుట్టినవారు నిజాం రాజ్యంలో, ఉర్దూ పాలనాభాషగా, హాలి సిక్కా చెలామణిలో, దొర గడీ నీడలో పెరిగారు. రాయలసీమ మెట్ట పల్లెలో పుట్టినవారికి కరువు, గంజికేంద్రం చిన్ననాటి జ్ఞాపకాలు. కులం, లింగం, భూమి అనే మూడు తేడాలు వీటికి తోడవుతాయి.

7.3 గాదె నుంచి రేషన్ షాపు వరకు

మొదటి తరం నాటి పల్లెలో డబ్బు అరుదుగా చేతులు మారేది. కూలి గింజల్లోనే, అప్పు గింజల్లోనే. కొలతలు సోల, తవ్వ, మానిక, కుంచం. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, మంగలి, చాకలి ఏడాది పొడవునా రైతులకు పని చేసి, పంట కళ్లం మీదికి వచ్చినప్పుడు తమ వాటా గింజలు తీసుకునేవారు. కోస్తాలో దీన్ని మేర అని, తెలంగాణలో బలుత అని పిలిచేవారు.

ఈ ఏర్పాటు కొన్ని విలువలను పెంచింది. ఇంటికి వచ్చినవారికి పెట్టకుండా తినకూడదు. ఊళ్లో ఒకరి ఇంట పెళ్లి జరిగితే అందరూ పనికి రావాలి. మాట ఇస్తే తప్పకూడదు. పత్రం రాసుకోలేని సమాజంలో మాటే పత్రం. ఇవి నిజమైన విలువలే.

కానీ అదే ఏర్పాటుకు మరో వైపు ఉంది. మేర తీసుకునేవాడు పని మానలేడు, ధర అడగలేడు, ఊరు విడిచి పోలేడు. తెలంగాణలో ఇది వెట్టిచాకిరీగా మారింది. చాకలి, మంగలి, కుమ్మరి, మాదిగ మొదలైన కులాలవారు దొరలకు, అధికారులకు కూలి లేకుండా పని చేయవలసి వచ్చేది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటానికి వెట్టి ఒక ముఖ్య కారణం. పాలకుర్తిలో తన పంటను విసునూరు దేశ్‌ముఖ్‌కు దక్కనివ్వని చాకలి ఐలమ్మ ఆ పోరాట కాలపు మనిషే. దొర ముందు వంగి మాట్లాడటం ఒకరికి "మర్యాద". ఆ వంగిన మనిషికి అది భయం. కట్టుబానిసత్వ విధానాన్ని రద్దు చేసే చట్టం దేశమంతటికీ వచ్చింది 1976లో మాత్రమే. అప్పటికి రెండో తరం యౌవనంలో ఉంది.

రెండో తరం కాలంలో గింజల స్థానంలో డబ్బు వచ్చింది. 1957 ఏప్రిల్ 1న అణాలకు బదులు నయా పైసలు వచ్చాయి. కొద్ది ఏళ్లలో శేరు, వీసె, మణుగుల స్థానాన్ని కిలో తీసుకుంది. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. అదే కాలంలో పొట్టి రకాల వరి వంగడాలు, రసాయన ఎరువులు పొలాలకు చేరాయి. రైతు అమ్మకం కోసం పండించడం, కూలికి నగదు ఇవ్వడం పెరిగాయి. పట్నంలో పని దొరకడం మొదలయ్యాక కూలి మనిషికి "రాను" అని చెప్పే అవకాశం వచ్చింది.

తిండిలో వచ్చిన మార్పును కూడా గమనించండి. మెట్ట ప్రాంతాల్లో జొన్న, సజ్జ, రాగి, కొర్ర రోజువారీ తిండి. వరి అన్నం చాలామందికి పండగ తిండి. 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం ఈ తేడాను చాలావరకు చెరిపింది. పనులు లేని నెలల్లో గింజల కోసం ఆసామి ఇంటి ముందు నిలబడవలసిన అవసరం కొంత తగ్గింది. ఒకప్పుడు పేదరికానికి గుర్తుగా ఉన్న రాగి సంగటి, జొన్నరొట్టె ఇప్పుడు పట్నంలో ఆరోగ్యం కోసం ఎక్కువ ధర పెట్టి కొనే తిండి అయ్యాయి. వస్తువు అదే, దానికి ఇచ్చే విలువ మారింది.

7.4 తిరగలి, రోలు, పొయ్యి

మొదటి తరం స్త్రీకి పని తెల్లవారకముందే మొదలయ్యేది. వడ్లు దంచడం, పిండి విసరడం, నీళ్లు మోయడం, పిడకలు చేయడం, పొయ్యి ఊదడం ఆమె పనులు. వీటికి కూలి లేదు, లెక్క లేదు. ఊళ్లోకి పిండిమర (తెలంగాణలో గిర్నీ), బియ్యం మిల్లు, కొళాయి, తరవాత గ్యాస్ పొయ్యి వచ్చాయి. 1999లో మొదలైన దీపం పథకం గ్యాస్ కనెక్షన్లను పేద ఇళ్లకు కూడా చేర్చింది.

తిరగలి దగ్గర ఇద్దరు కూర్చుని పాడుకుంటూ విసిరేవారు. కష్టసుఖాలు అక్కడే చెప్పుకునేవారు. మర రాగానే ఆ కూర్పు పోయింది, పాటలు పోయాయి. అది నష్టమే. అయితే ఆ పాటలు పోయాయని బాధపడేవారిలో ఎక్కువమంది వాటిని విన్నవారు. రోజూ తిరగలి తిప్పినవారిని అడిగి చూడండి. చాలామంది ముందు చెప్పేది భుజాల నొప్పి గురించే. ఒకే వస్తువు గురించి రెండు జ్ఞాపకాలు ఎలా ఉంటాయో దీని ద్వారా తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 1
1. మేర లేదా బలుత పద్ధతి అంటే ఏమిటి?
2. గింజల కూలి నుంచి నగదు కూలికి మారడం వల్ల కూలి మనిషికి కలిగిన కొత్త అవకాశం ఏది?

7.5 పెళ్లి: ఓలి నుంచి కట్నం వరకు

"కట్నం మన అనాది ఆచారం" అని చాలామంది అనుకుంటారు. ఇది చారిత్రకంగా సరికాదు. పందొమ్మిదో శతాబ్దం చివర ఉత్తర కోస్తా బ్రాహ్మణ కుటుంబాల్లో పిల్ల తండ్రి డబ్బు తీసుకుని చిన్నపిల్లను ముసలి వరుడికి ఇచ్చేవాడు. గురజాడ అప్పారావు 1892లో ప్రదర్శింపజేసి, 1897లో ప్రచురించిన "కన్యాశుల్కం" నాటకం ఈ ఆచారం మీద రాసినదే. వ్యవసాయం, చేతిపనులు చేసుకునే అనేక కులాల్లో వరుడి వైపువారే పిల్ల ఇంటికి ఓలి ఇచ్చేవారు. పనిచేసే ఒక మనిషి ఆ ఇంటి నుంచి వెళ్లిపోతున్నందుకు ఇచ్చే సొమ్ముగా దాన్ని అర్థం చేసుకోవచ్చు.

తరవాతి కాలంలో సొమ్ము దిశ మారింది. ఇంగ్లీషు చదువు, ప్రభుత్వ ఉద్యోగం ఉన్న వరుడికి డిమాండ్ పెరిగింది. స్త్రీ పొలం పని మానేయడం కుటుంబ గౌరవానికి గుర్తయింది. మొదట పై కులాల్లో, డబ్బున్న రైతు కుటుంబాల్లో కనిపించిన కట్నం క్రమంగా ఓలి ఉన్న కులాలకూ పాకింది. 1961లో వరకట్న నిషేధ చట్టం వచ్చినా ఆచారం ఆగలేదు. అంటే కాలం గడిచిన కొద్దీ అన్నీ మెరుగుపడతాయనే అభిప్రాయం కూడా సరికాదు. అమ్మమ్మ పెళ్లికి ఓలి తీసుకున్న ఇల్లే మనవరాలి పెళ్లికి పొలం అమ్ముకోవడం ఈ మూడు తరాల చరిత్రలో భాగం.

పెళ్లి వయసు విషయంలో మార్పు మరో దారిలో నడిచింది. బ్రిటిష్ ఇండియాలో 1930 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన శారదా చట్టం అమ్మాయి కనీస వయసును 14గా, అబ్బాయికి 18గా నిర్ణయించింది. చట్టం అమల్లోకి రాకముందే హడావుడిగా పసిపిల్లల పెళ్లిళ్లు చేసినవారు ఉన్నారు. ఆ తరవాత ఫ్రెంచి పాలనలో ఉన్న యానాంకు వెళ్లి పెళ్లి చేసినవారూ ఉన్నారు. అలా జరిగిన పెళ్లిళ్ల వల్ల యానాంకు కల్యాణపురం అన్న పేరు కూడా వచ్చింది. 1978 సవరణతో కనీస వయసు అమ్మాయికి 18, అబ్బాయికి 21 అయింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20-24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. చట్టం రాసిన తేదీ వేరు, అది ఇంట్లోకి వచ్చే తేదీ వేరు.

ఆస్తి విషయం కూడా అంతే. కూతుళ్లకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చిన మొదటి రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి వర్తించింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. 2005లో కేంద్రం దేశమంతటికీ ఇలాంటి సవరణ చేసింది. అయినా పుట్టింటికి రాకపోకలు ఉండాలని, అన్నదమ్ములతో మాట ఉండాలని తన వాటా వదులుకుంటూ సంతకం పెట్టే ఆడపడుచులు నేటికీ ఉన్నారు. పుట్టిల్లు తప్ప వేరే ఆసరా లేని చోట చట్టం ఇచ్చిన హక్కు కంటే అన్నదమ్ముల ఆదరణే ఎక్కువ అవసరమనిపిస్తుంది.

7.6 అక్షరం, ఉత్తరం, ఫోన్

మొదటి తరంలో చాలా ఇళ్లకు ఉత్తరం వస్తే చదివిపెట్టేవారిని వెతుక్కోవాలి. బడిపంతులో, కరణమో, పోస్టుమానో చదివేవారు. కాబట్టి కొడుకు తల్లికి రాసిన మాట ఊరందరికీ తెలిసేది. టెలిగ్రాం వచ్చిందంటే విప్పకముందే ఇంట్లో ఏడుపు మొదలయ్యేది. 2013 జూలైలో టెలిగ్రాం సేవ ఆగిపోయేనాటికి మూడో తరంలో చాలామంది దాన్ని చూడనే లేదు.

అక్షరాస్యత అంకెలు చూడండి. జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో ఏడేళ్లు పైబడినవారిలో అక్షరాస్యులు 44.09 శాతం, స్త్రీలలో 32.72 శాతం. 2011 నాటికి మొత్తం 67.02 శాతం, స్త్రీలలో 59.15 శాతం. ఇరవై ఏళ్లలో స్త్రీల అక్షరాస్యత దాదాపు రెట్టింపు అయింది.

అక్షరం విలువలను ఎలా మారుస్తుందో చెప్పడానికి నెల్లూరు జిల్లా దూబగుంట మంచి ఉదాహరణ. 1990ల మొదట్లో ఆ జిల్లాలో సాగిన అక్షరాస్యతా ఉద్యమంలో వయోజన స్త్రీలు రాత్రిపూట చదువుకున్నారు. వారి వాచకంలో ఊళ్లో సారా మాన్పించిన స్త్రీల గురించిన పాఠం ఉంది. దాన్ని చదివి, చర్చించి, దూబగుంట స్త్రీలు తమ ఊళ్లో సారా అమ్మకాన్ని ఆపారు. 1992లో ఆ ఉద్యమం రాష్ట్రమంతటా వ్యాపించింది. 1993 అక్టోబర్‌లో ప్రభుత్వం సారాను నిషేధించింది. "మొగుడు తాగి కొట్టడం ఇంటి విషయం" అని మొదటి తరం ఓర్చుకున్నదాన్ని రెండో తరం స్త్రీలు ఊరి విషయం చేశారు, రాష్ట్రం విషయం చేశారు.

దూరవిద్య కూడా ఈ చరిత్రలో భాగమే. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో ఏర్పడింది. పెళ్లితోనో, కూలితోనో చదువు ఆగిపోయినవారికి మళ్లీ చదివే దారి దొరికింది. మీ ఇంట్లో డిగ్రీ చదువుతున్న మొదటి మనిషి మీరే అయితే, ఈ పాఠం మీ గురించి కూడా.

7.7 పెద్దరికం, వృద్ధాప్యం

తరాల మధ్య ఎక్కువ బాధ కలిగించే విషయం ఇది. "అప్పుడు ఉమ్మడి కుటుంబాలు ఉండేవి, పెద్దలను చూసుకునేవారు, ఇప్పుడు వదిలేస్తున్నారు" అని అంటారు. ఈ మాటలో నిజం ఎంత?

మొదటిది, ఉమ్మడి కుటుంబం అందరిదీ కాదు. కలిసి ఉండటానికి ఉమ్మడి భూమి ఉండాలి. భూమిలేని కూలి కుటుంబాలు చాలావరకు చిన్నవిగానే ఉండేవి. రెండోది, స్వాతంత్ర్యం వచ్చేనాటికి భారతదేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల ప్రాంతంలో ఉండేది. శిశుమరణాలు ఎక్కువగా ఉండటం దీనికి ముఖ్య కారణం. అయినా ముసలితనం దాకా బతికేవారు అప్పుడు తక్కువే. పదేళ్లు, పదిహేనేళ్లు మంచాన ఉన్నవారికి సేవ చేయడమనే సమస్య ఇంత విస్తృతంగా ఇంతకుముందు ఏ తరానికీ ఎదురు కాలేదు. మూడోది, "పెద్దలను చూసుకునేవారు" అన్నప్పుడు చూసుకున్నది ఎక్కువగా కోడలు. ఆమె ఇష్టాన్ని ఎవరూ అడగలేదు.

ఇవన్నీ చెప్పిన తరవాత కూడా నష్టం నిజమే. ఇప్పుడు పిల్లలు తక్కువ. 1992-93 సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు ఉండగా, 2019-21లో ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. ఉన్న ఒక్కరిద్దరూ హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో, గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి దుబాయ్ వెళ్లిన కొడుకు పంపిన డబ్బుతో ఇల్లు లేస్తుంది. ఆ ఇంట్లో ఉండేది తల్లిదండ్రులిద్దరే. వీడియో కాల్‌లో మనవడు కనిపిస్తాడు. రాత్రి జ్వరం వస్తే నీళ్లు ఇచ్చేవారు కనిపించరు.

తల్లిదండ్రుల పోషణను చట్టం చేయవలసి రావడం ఈ మార్పుకు గుర్తు. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం వచ్చింది. మరోవైపు 1995లో జాతీయ వృద్ధాప్య పింఛను పథకం మొదలైంది. పింఛను మొత్తం చిన్నదే. కానీ చేతిలో తన డబ్బు ఉన్న ముసలామె మనవడికి ఒక బిస్కెట్ పొట్లం కొనగలదు. "పెద్దరికం" ఆజ్ఞ నుంచి ఆత్మగౌరవం వైపు కదులుతోందని దీన్ని అర్థం చేసుకోవచ్చు.

మీ ప్రగతిని సరిచూసుకోండి - 2
1. కన్యాశుల్కం, ఓలి, కట్నం మధ్య తేడాలు ఏమిటి?
2. వృద్ధుల సంరక్షణ నేటి తరానికి కొత్త సమస్య ఎందుకయింది?

7.8 ఎవరి పాత రోజులు?

ఒకే ఊళ్లో 1930 ప్రాంతంలో పుట్టిన ఇద్దరు స్త్రీలను ఊహించుకోండి. ఒకామె రైతు ఇంటి కోడలు, రెండో ఆమె ఆ ఇంటి పొలంలో కూలి చేసిన దళిత స్త్రీ. "ఆ రోజుల్లో ఊరంతా ఒక కుటుంబంలా ఉండేది" అని మొదటి ఆమె అంటుంది. ఆమె అబద్ధం చెప్పడం లేదు. రెండో ఆమెకు అదే ఊళ్లో బావి గట్టు మీద వేరే ఎవరైనా వచ్చి నీళ్లు చేదిపోసే దాకా కుండతో ఎదురుచూసిన జ్ఞాపకం, దోసిట్లో ఎత్తి పోసిన నీళ్లు తాగిన జ్ఞాపకం, ఊళ్లోకి వస్తే చెప్పులు చేతబట్టుకున్న జ్ఞాపకం ఉంటాయి. 1950లో అమల్లోకి వచ్చిన రాజ్యాంగం 17వ అధికరణం ద్వారా అంటరానితనాన్ని రద్దు చేసింది. ఊరి హోటల్లో రెండు గ్లాసుల పద్ధతి ఆ తరవాత కూడా చాలాకాలం సాగింది. "ఈ రోజుల్లో ఎవరికీ భయం భక్తీ లేవు" అని మొదటి ఇంట్లో విచారంగా అనే మాటే రెండో ఇంట్లో సంతోషంగా వినిపిస్తుంది.

మరి వీటిలో ఏది చరిత్ర? రెండూ చరిత్రే. ఒక్క జ్ఞాపకాన్నే తీసుకుని ఊరి చరిత్ర రాస్తే అది సగం చరిత్ర. తెలంగాణ సాయుధ పోరాటం గురించి నాయకులు రాసిన పుస్తకాలు ఉన్నా, అందులో పాల్గొన్న స్త్రీల మాటలు చాలాకాలం ఎవరూ నమోదు చేయలేదు. స్త్రీశక్తి సంఘటన ఆ స్త్రీలతో మాట్లాడి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకాన్ని వెలువరించింది. అడగనంతవరకు వారి చరిత్ర మనకు తెలియలేదు.

7.9 మీ ఇంటి చరిత్ర: అభ్యాసం

మీ ఇంట్లో గానీ, వీధిలో గానీ డెబ్బై ఏళ్లు దాటిన ఇద్దరితో మాట్లాడండి. వారిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి. ఇద్దరూ వేర్వేరు కులాలకు చెందినవారైతే మరీ మంచిది. "ఆ రోజులు ఎలా ఉండేవి?" అని అడగకండి. అలా అడిగితే "బాగుండేవి" అనే జవాబే వస్తుంది. వస్తువుల గురించి, పనుల గురించి అడగండి. ఉదయం లేవగానే చేసే మొదటి పని ఏది? నీళ్లు ఎక్కడి నుంచి తెచ్చేవారు? మొదటిసారి చేతికి వచ్చిన డబ్బు ఎంత, దాన్ని ఎవరికి ఇచ్చారు? పెళ్లి ఎవరు కుదిర్చారు, మిమ్మల్ని అడిగారా? ఇంట్లో చివర తినేది ఎవరు?

వారు చెప్పింది వారి మాటల్లోనే, వారి యాసలోనే రాసుకోండి. రాసుకోవడానికి ముందు అనుమతి అడగండి. సంవత్సరం గుర్తులేకపోతే తుపాను, కరువు, ఎన్నిక, ఊరికి కరెంటు వచ్చిన రోజు వంటి సంఘటనల ద్వారా కాలాన్ని నిర్ణయించండి. ఒకరు చెప్పింది మరొకరు చెప్పినదానితో సరిపోకపోతే కంగారుపడవద్దు. ఆ తేడా ఎందుకు వచ్చిందని ఆలోచించడమే చరిత్ర రచనకు మొదటి మెట్టు. కొన్ని ప్రశ్నలకు వారు మౌనంగా ఉండిపోవచ్చు. ఆ మౌనాన్ని కూడా గమనించండి, కానీ బలవంతపెట్టకండి.

7.10 సారాంశం

మూడు తరాల కాలంలో తెలుగు ఇల్లు గింజల ఆర్థికవ్యవస్థ నుంచి నగదు ఆర్థికవ్యవస్థకు మారింది. తిరగలి నుంచి మరకు, ఉత్తరం నుంచి ఫోన్‌కు, ఎక్కువమంది పిల్లల నుంచి ఇద్దరికి మారింది. ఈ మార్పులతోపాటు మర్యాద, గౌరవం, బాధ్యత అనే మాటల అర్థాలు మారాయి. వెట్టి, అంటరానితనం చట్టరీత్యా రద్దయ్యాయి. స్త్రీలకు చదువు, ఆస్తిహక్కు వచ్చాయి. అదే కాలంలో కట్నం విస్తరించింది, వృద్ధుల ఒంటరితనం పెరిగింది. కాబట్టి మార్పును పూర్తి ప్రగతిగా గానీ, పూర్తి పతనంగా గానీ చూడటం సరికాదు. పాత ఏర్పాటులో ఒకరిని ఒకరు కనిపెట్టుకుని ఉండే గుణం ఉంది; దాని బరువును ఎక్కువగా మోసింది స్త్రీలు, కింది కులాలవారు. ఆ బరువును మళ్లీ వారి మీదే వేయకుండా ఆ గుణాన్ని నిలుపుకోవడం ఎలా అన్నది నేటి తరం ముందున్న ప్రశ్న.

7.11 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నిత్యజీవితంలో వచ్చిన ఆర్థిక మార్పులు తెలుగు సమాజంలో విలువలను ఎలా ప్రభావితం చేశాయో వివరించండి.
2. "పాత రోజులు అందరికీ ఒకటే కావు." ఈ వాక్యాన్ని ఉదాహరణలతో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 15 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పెళ్లి వయసుకు సంబంధించిన చట్టాలకూ ఆచరణకూ మధ్య ఉన్న అంతరాన్ని వివరించండి.
2. దూబగుంట ఉద్యమంలో అక్షరాస్యత పాత్రను తెలపండి.
3. మౌఖిక చరిత్ర సేకరణలో పాటించవలసిన జాగ్రత్తలు ఏవి?